సిగ్గున్న రిసీవరు

పెళ్ళయిన తొమ్మిదో రోజు, ఆదివారంనాడు, అంజిమ పుట్టింటివాళ్ళు వంటిల్లు చూడడానికి రెండు వ్యాన్లలో కరునాగపల్లి వచ్చారు. తమ పిల్ల ఏ పొయ్యి ముందు నిలబడబోతోందో కళ్ళారా చూసి, ఆ వంటింటికి కావలసినవి ఇచ్చి, కడుపునిండా తిని వెళ్ళడం ఆనవాయితీ. ముందు స్టీలు బిందెలు దిగాయి. తరవాత మూడు కుక్కర్లు, రెండు మిక్సీలు, ఒక ఇడ్లీ పాత్ర. చిట్టచివర అంజిమ నాన్న పసిబిడ్డను మోస్తున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఒక పెద్ద అట్టపెట్టె దించాడు.

"ఇదేంటి, ఓవెనా?" అంది అంజిమ అత్తగారు విలాసిని.

"రిసీవరమ్మా. హోం థియేటర్ రిసీవరు. దీనికి ఐదు బాక్సులూ, ఒక గుమ్‌గుమ్ డబ్బా ఉన్నాయి. అవి వెనక వస్తున్నాయి," అని ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల అదే కావాలంది."

అందరి చూపులూ అంజిమ మీద పడ్డాయి. ఆమె మేనత్త వత్సల అప్పచ్చి అయితే చూపుతో ఊరుకోలేదు.

"గ్రైండరు కొనమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా! వంటిల్లు చూడ్డానికి పాటలపెట్టె మోసుకొచ్చిన వంశం ఈ జిల్లా మొత్తం మీద మనదొక్కటే. రేపు మీ అత్తగారు పిండి అందులో రుబ్బుకుంటుందా?"

"మా వంటింట్లోకైతే అది రాదులే," అంది విలాసిని, మర్యాదకు నవ్వుతూనే. "ఆ మోత నా చెవిన పడకుండా ఉంటే అంతే చాలు."

అంజిమకు సిగ్గేసింది గాని, ఆ సిగ్గు అడుగున బెల్లంముక్కలాంటి సంతోషం ఒకటి కరుగుతూనే ఉంది. దానికి కారణం ఉంది. హాస్టల్లో ఉన్న మూడేళ్ళూ ఆమె, ఆమె రూమ్మేటు ఒకే ఇయర్‌ఫోను చెరో చెవికీ పెట్టుకుని ఫోన్లో సినిమాలు చూశారు. అందుకని ఫిజిక్సు డిగ్రీ చేతికొచ్చే నాటికి అంజిమ కుడి చెవి చాలా సినిమాలు చూసింది గాని ఎడమ చెవి ఒక్కటీ చూడలేదు. నిశ్చితార్థం అయ్యాక ఒకరోజు ఫోన్లో ఈ సంగతి చెబితే, బినీష్ నవ్వలేదు. "మనింట్లో సినిమాలో వాన పడితే మన వీపు వెనక పడాలి, అంజూ," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె అతన్ని సగం ప్రేమించేసింది. మిగతా సగానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

అందుకే, "వంటిల్లు చూడ్డానికి ఏం తీసుకురమ్మంటావు?" అని నాన్న అడిగినప్పుడు ఆమె నోట్లోంచి గ్రైండరు రాలేదు. అంగట్లో ఉన్నవాటిలోకెల్లా చవకైన రిసీవరే వచ్చింది.

వైరింగు మామగారు చేశాడు. సుదర్శనన్ ముప్పయ్యొక్కేళ్ళు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగిన మనిషి. రిటైరయ్యాక ఎక్కడానికేమీ లేక కొబ్బరిచెట్ల వంక చూస్తూ కాలం గడుపుతున్నాడు. "నా ఇంట్లో తీగ నేల మీద పాకదు," అని ప్రకటించి, గోడల వెంట తెల్ల ప్లాస్టిక్ పట్టీలు కొట్టి, తీగలన్నిటినీ వాటిలో దాచేశాడు. గది చూస్తే అప్పుడే దువ్వుకున్న తలలా ఉంది.

ఆ తరవాత రిసీవరుతో పాటు వచ్చిన బుల్లి మైకును సోఫా నడుమ పెట్టి, అందరూ నిశ్శబ్దంగా కూర్చోవాలి. గదిలో ఏ బాక్సు ఎంత దూరంలో ఉందో పెట్టె తనంతట తనే కొలుచుకుంటుంది. ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. మొదటిసారి చేపలమ్మే బండివాడు హారన్ కొట్టుకుంటూ పోయాడు. రెండోసారి కొత్త కుక్కర్లలో ఒకటి విజిల్ వేసింది. మూడోసారి మామగారు తుమ్మాడు. ఆ తుమ్ముతో కలిపి లెక్కేసుకుని, కుడి వెనక బాక్సు నలభై అడుగుల దూరంలో ఉందని పెట్టె తేల్చింది.

"నలభై అడుగులంటే పక్కింటి వాళ్ళ బాత్‌రూమే," అన్నాడు బినీష్.

నాలుగోసారికి కుదిరింది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ సోఫాలో కూర్చుని ఒక సినిమా పెట్టారు. అరగంటకు వాన మొదలైంది. మొదట ఎదురుగా, తరవాత పక్కన, ఆ తరవాత సరిగ్గా వీపు వెనక. అంజిమ వెనక్కి తిరిగి చూసింది. వెనక మామగారి కేలెండరు తప్ప ఏమీ లేదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బినీష్ పమిటకొంగు లాగి ఆమె తలమీద కప్పాడు, తడవకుండా.

ఆ ముచ్చట రెండు రోజులే. మూడో రోజు సాయంత్రం మరో సినిమాలో నాయికా నాయకులు సముద్రం ఒడ్డున ఒకరినొకరు సమీపించారు. వయొలిన్లు పెద్దవయ్యాయి. ఇక పెదవులు తాకబోతున్నాయనగా పెట్టెలోంచి 'టక్' మంది. అంతా నిశ్శబ్దం. రిసీవరు ముఖాన 'ప్రొటెక్ట్' అన్న అక్షరాలు ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి.

తీసి మళ్ళీ పెడితే పనిచేసింది. కాసేపటికి ఫైటింగ్ వచ్చింది. మళ్ళీ 'టక్'. ఛానెల్ మార్చి అత్తగారి సీరియల్ పెడితే మాత్రం బుద్ధిగా అరగంట పలికింది. భజన పెడితే పలికింది. వార్తలు పలికింది.

వంటింట్లోంచి విలాసిని తొంగి చూసింది. "పెట్టెను అంటారెందుకు? మంచి మాటలు చెప్పించుకోవాలంటే చెబుతుంది. ముద్దులూ, నరుక్కోడాలూ వస్తే కళ్ళు మూసుకుంటుంది. దానికి సిగ్గుంది. మీకే లేదు."

ఇంతవరకూ నవ్వులాటగానే ఉంది. గురువారంనాడు పెళ్ళి వీడియో వచ్చాక నవ్వులాట కాకుండా పోయింది. అత్తా మామా, కొడుకూ కోడలూ నలుగురూ వరసగా కూర్చున్నారు. తెరమీద పందిరి, ప్రమిదలు, పట్టుచీరల మధ్య బిక్కమొహం వేసుకున్న అంజిమ. బినీష్ తాళి అందుకున్నాడు. నాదస్వరం పైకి లేచింది, తవిల్ డోళ్ళు ఒక్కసారిగా విజృంభించాయి, తాళి మెడ దగ్గరకు వచ్చింది...

'టక్.'

బొమ్మలో తవిలు వాళ్ళు చేతులాడిస్తూనే ఉన్నారు. చప్పుడు లేదు. విలాసిని చేయి గుండెమీదకు పోయింది.

"తాళి కట్టే వేళ మేళం ఆగడమేమిటి, భగవతీ!"

"అమ్మా, అది వీడియో. తాళి కట్టి పదమూడు రోజులైంది," అన్నాడు బినీష్.

"నాకు తెలీదా? అయినా కళ్ళముందు ఆగింది కదరా."

అంజిమ ఈ మాట తల్లికి ఫోన్లో చెప్పడమే పొరపాటు. గంట తిరక్కుండా వత్సల అప్పచ్చి నుంచి విలాసినికి ఫోను వచ్చింది. మాట బయటికి వినపడేంత గట్టిగానే వచ్చింది.

"నేనప్పుడే చెప్పాను వదినా! ఆదివారం మేమంతా వస్తాం, ఆ పెట్టెలోనే పెళ్ళి చూస్తాం. మా ముందు కూడా తాళి దగ్గర నోరు మూసుకుందంటే, సోమవారం పొద్దున నేనే దాన్ని చంకనేసుకెళ్ళి గ్రైండరు పట్టుకొస్తాను. పది రోజుల్లోపు మార్చుకోవచ్చని కొట్టువాడు చెప్పాడట. వాడూ మనవాడే!"

విలాసిని, "అలాగే కానీ," అంది. అని, ఎందుకో వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అంజిమకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఈ ఇంట్లో ఆమె నోరు తెరిచి కోరుకున్నది ఒక్కటే. అది అపశకునమై, గ్రైండరుగా మారి ఇంట్లో తిరుగుతుంటే, ఇక జన్మలో ఇంకేదైనా కోరగలదా?

శుక్రవారం, శనివారం ఇద్దరూ సెలవు పెట్టి పెట్టె వెనక పడ్డారు. టీవీ బల్లకూ గోడకూ మధ్య మూరెడు సందుంది. అందులోకి దూరి, టార్చి నోట కరుచుకుని, తీగ తీగా చూడాలి. నిజం చెప్పాలంటే ఈ మరమ్మతులో ఒక సుఖం లేకపోలేదు. పగలల్లా చుట్టాలూ, పక్కింటివాళ్ళూ వచ్చిపోయే ఆ ఇంట్లో కొత్త దంపతులకు తలుపు వేసుకోవాలంటే మొహమాటం. టీవీ బల్ల వెనక మాత్రం ఎంతసేపు దాక్కున్నా ఎవరూ ఏమీ అనరు. పైగా పాపం కష్టపడుతున్నారని టీ పంపుతారు.

"చేట్టా, ఆ నల్ల తీగ బిగువుగా ఉందా?" అని మొగుణ్ణి అడుగుతుంది అంజిమ.

"ఉంది. నీ జడే వదులైంది."

"తీగల సంగతి చూడండి."

"చూస్తున్నాను. ఇంకాస్త ఇటు జరుగు, కనపడ్డం లేదు."

"ఏరా, దొరికిందా?" అని సోఫాలోంచి మామగారు.

"ఇంకా వెతుకుతున్నాం అచ్ఛన్!" అని సందులోంచి ఇద్దరూ ఒకేసారి.

ఆటలాడినా, పని మాత్రం పద్ధతిగానే చేశారు. బాక్సులన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే తగిలించి గట్టిగా పెట్టి చూశారు. నాలుగు తగిలించినా పెట్టె నిక్షేపంగా పలికింది. ముందు వైపు ఎడమ బాక్సు తగిలించి మోత పెంచగానే 'టక్'. బాక్సు చెడిందేమోనని కుడిదాన్ని తెచ్చి ఎడమ తీగకు తగిలించారు. అయినా 'టక్'. తీగ రెండు కొసలూ కొత్తగా ఒలిచి, మెలిపెట్టి బిగించారు. 'టక్'.

శనివారం మధ్యాహ్నానికి బినీష్ సందులోంచి బయటికొచ్చి నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్ళకు బూజు.

"తప్పు పెట్టెదే అంజూ. దాని ఎడమ వైపే చచ్చుబడిపోయింది. ఇచ్చేద్దాం. మన రాత."

కొట్టువాడికి చెప్పడానికి చివరిసారిగా పరీక్ష శబ్దం పెట్టి చూద్దామన్నాడతను. మీట నొక్కితే ఒక్కో బాక్సులోంచి వంతులవారీగా 'ష్‌ష్‌ష్' మని మూడేసి క్షణాలు చప్పుడొస్తుంది. అతను నొక్కాడు. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అత్తగారు పెరట్లో కరివేపాకు కోస్తోంది. అంజిమ వెళ్ళి చేపల కూర కింద మంట ఆర్పింది.

అటక మీంచి 'ష్‌ష్‌ష్' మంది.

ఆమె తలెత్తి చూసింది. చప్పుడు ఆగింది. హాల్లో మిగతా బాక్సులు వంతు ప్రకారం ఒక చుట్టు తిరిగాయి. మళ్ళీ అటక మీంచి, 'ష్‌ష్‌ష్'. అక్కడ బోర్లించిన మట్టి చట్టీల వరసలో ఒక్కటి మాత్రం నోరు ఇటు తిప్పుకుని ఉంది. చప్పుడు దాంట్లోంచే. అంజిమ చేతికందిన కొబ్బరికోరు పీట ఎత్తింది.

"కొట్టకు మోళే, కొట్టకు తల్లీ!" పెరటి తలుపులోంచి విలాసిని ఒక్క గంతులో వచ్చింది. కరివేపాకు నేలపాలైంది.

"పామమ్మా! చట్టిలో!"

"పాము కాదు! అది... అది అలాగే అంటుంది అప్పుడప్పుడు. పాత చట్టి."

సరిగ్గా అప్పుడే హాల్లో బినీష్ పరీక్ష ఆపేశాడు. టీవీలో రాత్రి సీరియల్‌ను మధ్యాహ్నం మళ్ళీ వేస్తున్నారు. చట్టి గొంతు సవరించుకుని, ముసలి ఆడగొంతుతో, "ఈ ఆస్తంతా నీదని ఎవరన్నారు సుభద్రా?" అని గద్దించింది.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంజిమ మెల్లగా పీట దించింది.

"ఏడున్నరకి సీరియలొస్తుంది," అంది విలాసిని, గోడవైపు చూస్తూ. "ఏడున్నరకి నేను పొయ్యి దగ్గరుంటాను. ముప్పయ్యేళ్ళుగా సగం కథ విని సగం ఊహించుకుంటున్నాను. ఆ సుభద్ర మొగుడు ఎప్పుడు చచ్చాడో, ఎప్పుడు బతికాడో నాకు తెలీదు. నీ పెట్టె వచ్చాక మొదటిరోజు ఎంత బాగా వినపడిందో! మీ అచ్ఛన్‌ని అడిగాను. ఆయన పాత జీపులోంచి తీసిన స్పీకరొకటి దాచాడు. దాన్ని చేపల చట్టిలో పెట్టి, ఆ గోడమీది పట్టీలోంచే తీగ కలిపాడు. చట్టిలో పెడితే గొంతు గంభీరంగా వస్తుందట." ఆమె గొంతు సన్నబడింది. "వంటింట్లోకి రానివ్వనని అందరిముందూ అన్నాను కదా. ఆ వత్సలకి తెలిస్తే నన్ను బతకనిస్తుందా?"

అంజిమ మూడేళ్ళు చదివిన ఫిజిక్సు అంతా ఆ క్షణాన కాగిన పాలలా పొంగింది. ఎడమ బాక్సు తీగకే, పట్టీ మధ్యలో కలిపారు! కొసలు రెండూ నూరుసార్లు చూశారు గాని, మామగారు అంత అందంగా మూసిన పట్టీని విప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆమె పెరట్లోకి వెళ్ళి మామగారిని పట్టుకుంది. ఆయన ముందు నీళ్ళు నమిలాడు, ఆ తరవాత వృత్తిగౌరవం పొడుచుకొచ్చింది.

"పక్కపక్కన కలిపితే తప్పేంటి? ఒక లైనుకి నలభై బల్బులు కలిపాను నేను. అన్నీ ఒకేలా వెలిగేవి."

"మీ లైను వెనకాల డ్యామ్ ఉండేది కదా అచ్ఛన్. దీని వెనకాల గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మరుంది. ఒక్క దూడకి పాలిచ్చే ఆవు ఇది. రెండో దూడ కూడా అదే పొదుగుకి తగులుకుంది. మెల్లగా తాగినంతసేపు ఊరుకుంటుంది. రెండూ గట్టిగా గుంజితే తన్నదా? ఆ 'టక్' అనేది తన్నే."

"తన్నడం మంచిదేలే. తన్నకపోతే కాలిపోయేది," అన్నాడు సుదర్శనన్, పెట్టె మీద కొత్త గౌరవంతో. "ఐతే ఒక స్విచ్చి పెడతాను. సీరియలప్పుడు వేసుకుంటుంది, మిగతా వేళ ఆపుతుంది. మీ అమ్మ సీరియల్ పోతే నాకు చేపలుండవు."

బినీష్‌ను కొబ్బరినూనె తెమ్మని బజారుకు పంపి, వంటింటి గోడకు చట్టీల చాటున తెల్లస్విచ్చి ఒకటి బిగించారు. అతను తిరిగొచ్చేసరికి తవిళ్ళు ఆకాశమెత్తు మోగుతున్నాయి. నూనె సీసాతోనే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఎలా?"

"తీగలో ఒక పోగు ఇంకోచోట తగులుతోంది. విడదీశాను," అంది అంజిమ. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అత్తగారు పొయ్యి దగ్గరనుంచి ఆమెవైపు చూసి, పెద్ద చేపముక్కను పక్కకు తీసిపెట్టింది.

ఆదివారం అంజిమ పుట్టింటివాళ్ళు కాయంకుళం నుంచి ఒక వ్యాను నిండా వచ్చారు. వత్సల అప్పచ్చి ముందు వరసలో, రిసీవరుకు ఎదురుగా, నేరస్థుణ్ణి విచారించే జడ్జిలా కూర్చుంది. చేతిలో గ్రైండరు బొమ్మలున్న కాగితం కూడా ఉంది.

"కానివ్వండి. ఎక్కడ చస్తుందో చూద్దాం."

వీడియో మొదలైంది. వంటింట్లో విలాసిని అరటిపండు బజ్జీలు వేస్తోంది. తాళి ముహూర్తం దగ్గరపడింది. నాదస్వరం లేచింది. అంజిమ ఎందుకో వంటింటివైపు చూసింది.

అత్తగారు నూనె గరిటె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చట్టీల చాటున పెట్టి ఉంది. స్విచ్చి మీద! పాపం, ఆమెకూ కొడుకు తాళి కట్టే మేళం వినాలని ఉంది. అక్కడనుంచి హాల్లోది సగమే వినపడుతుంది. స్విచ్చి పడితే ఇంతే సంగతులు. అరిస్తే గుట్టు రట్టు. లేచి వెళ్దామంటే ముందు అప్పచ్చి మోకాళ్ళు, వెనక పదిమంది.

అంజిమ కళ్ళతోనే బతిమాలింది.

విలాసిని ఆమెను చూసింది. స్విచ్చిని చూసింది. పొయ్యి మీద బజ్జీలను చూసింది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది. గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చి, జనాన్ని తోసుకుంటూ, సోఫాలో కోడలి పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆ సోఫాలో ఆమె కూర్చోవడం, పని ఉన్న వేళ, అంజిమ చూడడం అదే మొదలు.

తవిళ్ళు విరుచుకుపడ్డాయి. ముందు నుంచి, పక్కల నుంచి, వీపు వెనక నుంచి. ఆడవాళ్ళు నాలుకాడిస్తూ పెట్టే కురవలు గది నాలుగు మూలలా లేచాయి. గుమ్‌గుమ్ డబ్బా దెబ్బకు కిటికీ ఊచలు వణికాయి. తాళి పడింది. మేళం ఆగలేదు. విలాసిని నూనె చేత్తోనే కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మొదట తేరుకున్నది అప్పచ్చే. కళ్ళు తుడుచుకుంటూ, "ఏదో మాడుతోంది," అంది.

బజ్జీలన్నీ బొగ్గులైపోయాయి.

"ఇంత మంచి మేళం విన్నాక ఆ మాత్రం మాడితే ఏంలే," అని, అప్పచ్చి గ్రైండరు కాగితం మడిచి, దానిమీదే ఒక మాడిన బజ్జీ పెట్టుకుంది. తరవాత విలాసిని చెవి దగ్గరకు వంగింది. "వదినా, ఇలాంటిది మా ఇంట్లో పెడితే, నేను వంటింట్లో ఉన్నప్పుడు కూడా వినపడుతుందంటావా? ఏడున్నరకి నాకు చపాతీల పని..."

"నాకేం తెలుసమ్మా," అంది విలాసిని, ఎటో చూస్తూ. "నా వంటింట్లోకి నేనైతే రానివ్వలేదు."

చుట్టాలంతా వెళ్ళాక, పొద్దు వాలుతుండగా, బినీష్ ఆ రోజు సగంలో ఆగిపోయిన సినిమా మళ్ళీ పెట్టాడు. సముద్రం ఒడ్డు. వయొలిన్లు. అలలు సోఫా చుట్టూ తిరుగుతున్నాయి. నాయకుడు నాయిక గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. బినీష్ చెయ్యి మెల్లగా అంజిమ భుజం మీదకు వచ్చింది.

'టక్.'

"అయ్యో! మళ్ళీనా!"

"ముందే చెప్పాను కదరా," అని వంటింట్లోంచి, చట్టీల వైపునుంచి, తాపీగా వినపడింది. "దానికి సిగ్గుంది."

అంజిమ పమిటకొంగు నోట్లో కుక్కుకుంది. బినీష్ దిగాలుగా లేచి టార్చి అందుకున్నాడు.

"మళ్ళీ వెనక దూరి చూడాలి. ఎంతసేపు పడుతుందో ఏమో. నువ్వు కూచో."

"అబ్బే, ఒక్కరివల్ల అయ్యే పని కాదు," అంటూ ఆమె అతనికంటే ముందే టీవీ బల్ల వెనక సందులోకి దూరింది.